1926 నాటి బాకూ చమురు ప్రాంతాన్ని బొమ్మల పటంగా గీయడం: ఎక్కడ మొదలుపెట్టాలి?

పటాలపిచ్చి:

అబ్షెరాన్ ద్వీపకల్పాన్ని, అంటే అజర్‌బైజాన్‌లో బాకూ చుట్టూ ఉన్న చమురు బావుల ప్రాంతాన్ని, చేత్తో బొమ్మల పటంగా గీయాలని ఉంది. 1920–30ల సోవియట్ గోడ పటాల తరహాలో ఉండాలి: సముద్రంలో నూనె ఓడలు, నేల మీద డెరిక్కుల (చమురు బావుల మీద నిలబెట్టే ఎత్తైన కట్టడాల) గుంపులు, రైళ్ళు, పొగగొట్టాలు, ఓ మూల లెక్కల బొమ్మలు. విశాలాంధ్ర దుకాణాల్లో సోవియట్ పిల్లల పుస్తకాలు కొనుక్కున్నవాళ్ళకి ఆ తీరు తెలిసే ఉంటుంది. పేర్లన్నీ తెలుగులోనే రాస్తాను. పూర్తయ్యాక ఒక గ్రంథాలయం గోడకి వెళ్తుంది, కాబట్టి చూసేవాళ్ళలో విషయం తెలిసినవాళ్ళూ ఉంటారు.

ఏ2 కాగితం, అడ్డంగా. నీటిరంగులు, ఇంకు. నా సందేహాలు ఇవీ:

స్కేలు ఎంత పెట్టాలి? అసలు గీతకి ఇప్పటి ఉపగ్రహ చిత్రం వాడేస్తే సరిపోతుందా? డెరిక్కుల ఆకారం, ఎత్తు ఎలా? 1920ల పటంలో ఉండకూడనివి ఏమిటి? తెలుగు అక్షరాలు డెరిక్కుల మధ్య ఇరికించడం ఎలా?

రేఖాంశం:

ముందు సంవత్సరం తేల్చుకోండి. "1920లు" అంటే కుదరదు. ఆ పదేళ్ళలో ఊళ్ళ పేర్లు, లిపి, రైలు మార్గం, చివరికి తీరం కూడా మారాయి. నన్నడిగితే 1926 ద్వితీయార్ధం తీసుకోండి. ఆ ఏడు జులై 6న బాకూ నుంచి సబుంచి మీదుగా సురాఖానీకి (రెండూ దగ్గర్లోని చమురు ఊళ్ళే) కరెంటు రైలు మొదలైంది, సోవియట్ యూనియన్‌లో మొట్టమొదటిది అదే. పటం మధ్యలో అటూ ఇటూ తిరిగే బొమ్మ ఒకటి దొరికినట్టే.

స్కేలు సంగతి. ద్వీపకల్పం పడమర నుంచి తూర్పుకి సుమారు 60 కి.మీ., ఉత్తర దక్షిణాలుగా ఎక్కువలో ఎక్కువ 30. 1:1,25,000 పెడితే 48 సెం.మీ. × 24 సెం.మీ. వస్తుంది. ఏ2 కాగితం 59.4 × 42. పక్కలకి అయిదేసి సెంటీమీటర్లు, కింద సముద్రానికీ లెక్కల బొమ్మలకీ బోలెడు చోటు మిగులుతుంది. 2 కి.మీ.కి ఒక గడి అనుకుంటే గడి 16 మి.మీ. వస్తుంది, చేత్తో దింపుకోవడానికి అనువైన కొలత.

పాత రష్యన్ "ఒక వెర్స్టు" పటం చేతికందితే దాని స్కేలు 1:42,000 (అంగుళానికి వెర్స్టు, వెర్స్టు అంటే 1.067 కి.మీ.). జిరాక్సులో 33.6 శాతానికి తగ్గిస్తే మీ స్కేలు వచ్చేస్తుంది. అలాంటి పటాల్లో రేఖాంశాలు గ్రీనిచ్ నుంచి కాకుండా పీటర్స్‌బర్గ్ దగ్గరి పుల్కొవో వేధశాల నుంచి లెక్కపెట్టి ఉండొచ్చు. బాకూ గ్రీనిచ్‌కి తూర్పుగా 49°52′. అదే పుల్కొవో నుంచి 19°32′. పటంలో 19 చూసి ఇదెక్కడి బాకూ అని కంగారు పడకండి, 30°20′ కలుపుకోండి.

ఇక ఉపగ్రహ చిత్రం. ఇప్పటిది వద్దు. కాస్పియన్ సముద్రం మట్టం నిలకడగా ఉండేది కాదు. 1920లలో అది మహాసముద్రాల మట్టానికి సుమారు 26 మీటర్లు దిగువన ఉండేది. 1930లలో గబగబా పడిపోయి, 1977కి 29 మీటర్ల దిగువకి చేరింది. మళ్ళీ పెరిగి 1995 ప్రాంతంలో 26.6 దగ్గర ఆగింది. ఇప్పుడు తిరిగి 29 దరిదాపుల్లో ఉంది. అంటే 1926కీ నేటికీ మూడు మీటర్ల తేడా. 200కి 1 వాలున్న చదునైన ఒడ్డున ఆ మూడు మీటర్లే 600 మీటర్ల నేల అవుతుంది, మీ కాగితం మీద దాదాపు 5 మి.మీ. అందుకని 1995 నాటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రం దించుకోండి, ఉచితంగానే దొరుకుతుంది. తీరం 1926కి చాలా దగ్గరగా ఉంటుంది. రెండు చోట్ల మాత్రం దాన్నీ నమ్మకూడదు: బాకూ రేవు కట్టడాలు, బిబి-హేబత్ అఖాతం. రెండోదాన్ని మనుషులే పూడ్చారు, దాని గురించి తెలిసినవాళ్ళు రాస్తారు.

ఈశాన్యాన పిరల్లాహీని చుట్టూ నీళ్ళతో దీవిగానే గీయండి.

గొట్టపుబావి:

రేఖాంశం గారు చెప్పినట్టు బిబి-హేబత్ దగ్గరే మొదలుపెడతాను, ఈ పటంలో చూడదగ్గ చోటు అదే. బాకూకి దక్షిణాన అయిదారు కిలోమీటర్లు. 1846లో ఇక్కడే 21 మీటర్ల లోతున యంత్రంతో బావి తొలిచారు. నూనె పొర సముద్రం కిందకి సాగుతోందని తెలిశాక అఖాతాన్నే పూడ్చి నేల చేయాలనుకున్నారు. 1910 నుంచి ఆ పని చూసిన ఇంజనీరు పావెల్ పొటోత్స్కీ, పోలిష్ ఆయన. విప్లవం రోజుల్లో ఆగిన పనిని సోవియట్లు వచ్చాక ఆయన చూపు పోయినా కొనసాగించాడు. 1923లో ఆ పూడ్చిన నేల మీద తొలిచిన బావిలో నూనె పడింది. ఆ తర్వాత ఏడాది రెండేళ్ళలోనే పూడికకి అవతల, నీళ్ళలో కొయ్య గుంజలు దిగ్గొట్టి వాటి మీద డెరిక్కు నిలబెట్టారు. కాబట్టి 1926 పటంలో ఇక్కడ మూడు రకాల నేల చూపించాలి: పాత ఒడ్డు (చుక్కల గీతతో), పూడ్చిన చదును (వేరే రంగుతో), దాని సముద్రపు అంచున రాతి కట్ట. కట్టకి అవతల గుంజల మీద రెండు మూడు డెరిక్కులు చాలు. అక్కడ అడవిలా గీస్తే 1950లదైపోతుంది. సముద్రం మధ్యలో ఊరిలా కట్టిన "నెఫ్త్ దష్లారీ"లో నూనె పడింది 1949 నవంబరులో. దాన్ని పొరపాటున కూడా రానివ్వకండి, బాకూ అనగానే అందరి చెయ్యీ అటే పోతుంది.

డెరిక్కు ఆకారం. ఇప్పటి ఇనుప జాలీ టవరు కాదు. కొయ్యతో కట్టి, నాలుగు వైపులా పలకలు కొట్టి మూసేసిన సన్నటి పిరమిడ్. పైన మొన తెగి చదునుగా ఉంటుంది. కాళ్ళ దగ్గర ఒక పక్కకి యంత్రం ఉండే వాలుకప్పు షెడ్డు. అసలు ఎత్తు సుమారు 20 మీటర్లు. మీ స్కేల్లో అది 0.16 మి.మీ., అంటే కనపడదు. కాబట్టి 10 మి.మీ. ఎత్తు, అడుగున 3–4 మి.మీ. వెడల్పు పెట్టండి. అరవై రెట్లు పెంచినట్టు. అదే పెంపు మిగతా కట్టడాలకీ వాడండి. బాకూ కోటలోని కన్యాబురుజు 28–29 మీటర్లు, అంటే దాదాపు ఒకటిన్నర డెరిక్కు, 14 మి.మీ. ఈ నిష్పత్తి పాటించకపోతే ఊళ్ళో మేడలు డెరిక్కుల్ని మింగేస్తాయి.

తవ్వకం అయిపోయాక కూడా డెరిక్కు ఎందుకు పీకలేదో తెలిస్తే బొమ్మ కుదురుతుంది. బాకూ నూనెతో పాటు సన్నటి ఇసుక పైకి వస్తుంది. పాత పంపులు ఇసుకకి అరిగి బిగుసుకుపోయేవి. అందుకని అడుగున కవాటం ఉన్న పొడవాటి గొట్టపు బొక్కెనని తాడుతో బావిలోకి వదిలి, నిండాక లాగి, పక్కనున్న తొట్టిలో పోసేవారు. రష్యన్‌లో దాన్ని "జెలోంకా" అంటారు. బొక్కెన చాలా పొడుగు, అది పూర్తిగా పైకి రావాలంటే అంతకన్నా ఎత్తైన డెరిక్కు ఎప్పుడూ ఉండాల్సిందే. బలాఖానీ, సబుంచి ఫొటోల్లో డెరిక్కులు అడవిలా కనిపించడానికి ఇది ముఖ్య కారణం: పనిచేసే ప్రతి బావి మీదా ఒకటి.

1920ల మధ్యలో ఇది మారుతోంది. రోటరీ డ్రిల్లింగు, లోతు పంపులు వస్తున్నాయి. 1923లో సురాఖానీలో ఇంజనీరు కపెల్యుష్నికొవ్ టర్బోడ్రిల్లుని (బావి అడుగునే టర్బైనుతో తిరిగే తొలిచే యంత్రాన్ని) పరీక్షించారు. అయితే ఇప్పుడు బాకూ అనగానే గుర్తొచ్చే, తల ఊపుతూ ఆరుబయట ఒంటరిగా నిలబడ్డ ఇనుప పంపుని 1926లో పెట్టకండి. పంపు పెట్టినా డెరిక్కు అలాగే ఉండేది. వైవిధ్యం కావాలంటే ఒకే ఇంజను షెడ్డు నుంచి నాలుగైదు బావులకి చక్రం ఆకుల్లా సాగిన లాగుడు కడ్డీలు గీయండి. చాలా తక్కువమంది చూపిస్తారు, చూడ్డానికి బావుంటుంది.

ఉబికి కొట్టే నూనెధార ఒక్కటి చాలు. ప్రతి గుంపులో ఒకటి పెడితే ప్రమాదాల పటంలా ఉంటుంది. ధార డెరిక్కు పై కప్పుని చీల్చుకుని వచ్చేట్టు, గాలివాటుకి వంగి, కింద మట్టికట్ట పోసిన గుంటలోకి పడేట్టు గీయండి.

గాలి అన్నాను కాబట్టి: బాకూలో పేరున్న గాలి "ఖజ్రి", ఉత్తరం నుంచి వీస్తుంది. పటంలో పొగలన్నీ కిందకి, దక్షిణానికి వాలాలి. ధార ఒకవైపు, పొగ ఇంకోవైపు వంగితే ఇబ్బందిగా ఉంటుంది.

పటాలపిచ్చి:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. 1926 ఖాయం చేసేశాను. ఇంకో చిక్కు. పెన్సిలుతో వేసి చూశాను: బలాఖానీ–సబుంచి–రామానా మూడూ కలిపినా కాగితం మీద రెండు బొటనవేళ్ళ జాగా కూడా లేదు. 10 మి.మీ. డెరిక్కులు పదో పన్నెండో పడతాయి, అడవి ఎలా వస్తుంది? పోనీ డెరిక్కు 5 మి.మీ. చేయనా?

ఇంకొకటి, సురాఖానీ అగ్ని ఆలయం పెట్టాలనుంది. మనదేశం వాళ్ళు కట్టించిందే కదా. మంటతో వేస్తే బావుంటుందా?

రేఖాంశం:

డెరిక్కు తగ్గించకండి, నేలని సాగదీయండి. బొమ్మల పటంలో స్కేలు అన్ని చోట్లా ఒకటే ఉండాలన్న రూలు లేదు. మధ్యలో 12 కి.మీ. × 10 కి.మీ. ముక్కని (బోయుక్‌షోర్ చెరువు నుంచి సురాఖానీ దాకా) రెట్టింపు స్కేల్లో, అంటే 1:62,500లో గీయండి. అది 19 × 16 సెం.మీ. అవుతుంది. దాని కోసం తూర్పు కొసన మర్దకాన్, షువెలాన్ వైపు, పడమటి అంచున నేలని నొక్కేయండి. అక్కడ ద్రాక్షతోటలు, అంజూరాలు, వేసవి ఇళ్ళు తప్ప మీ విషయానికి పనికొచ్చేది తక్కువ. గడులు గీసేటప్పుడే మధ్య గడి 32 మి.మీ., అంచు గడి 8 మి.మీ.గా క్రమంగా మార్చుకుంటే తీరరేఖ విరగదు. ఒక్కసారిగా మారిస్తే తీరం మోచేయిలా వంగుతుంది. పటం మూల "స్కేలు సమానం కాదు" అని చిన్న అక్షరాల్లో రాయండి. నిజాయితీగా ఉంటుంది, పైగా ఎవరూ స్కేలుబద్ద పెట్టి కొలవరు.

దిక్కులు సరిచూసుకోండి. బాకూకి ఈశాన్యంగా బలాఖానీ, దాన్ని ఆనుకుని తూర్పున సబుంచి, ఆ పక్కన రామానా. వీటికి ఆగ్నేయంగా సురాఖానీ. బినగాది మాత్రం నగరానికి ఉత్తరాన, వాయవ్యం వైపు విడిగా. నల్లనగరం, అంటే శుద్ధి కర్మాగారాలున్న చోటు, అఖాతం ఒడ్డునే కోటకి తూర్పుగా. అది దాటాక తెల్లనగరం. బలాఖానీ నుంచి నల్లనగరానికి 1878లో ఇంజనీరు షూఖొవ్ ఆకృతి చేసిన గొట్టపు లైను ఉంది, రష్యా సామ్రాజ్యంలో మొదటిది. నోబెల్ సోదరుల కోసం వేసింది. పన్నెండు కిలోమీటర్లు కూడా లేదు, కానీ దాంతో పీపాలు మోసే బండ్ల పని పడిపోయింది. సన్నటి జంట గీతగా చూపించండి.

అగ్ని ఆలయం తప్పకుండా పెట్టండి, మంట మాత్రం వద్దు. అక్కడి సహజవాయువు చుట్టుపక్కల తవ్వకాలకి తగ్గిపోయి 1902లో మంట ఆరిపోయింది. ఇప్పుడు యాత్రికులు చూసేది గొట్టంలో తెచ్చిన గ్యాసు. 1926లో అది చల్లారిన ఆలయం. ఇంకో మాట, మనం గుడి అనగానే గోపురం గీసేస్తాం. అది అలా ఉండదు. అయిదు వైపులున్న ప్రహరీ, లోపలి గోడని ఆనుకుని యాత్రికుల గదులు, మధ్య ముంగిట్లో నాలుగు తోరణాల చతురస్రపు మండపం, దాని నెత్తిన త్రిశూలం. ముఖద్వారం మీద ఒక మేడగది. గదుల గుమ్మాల మీద దేవనాగరిలో, గురుముఖిలో శాసనాలున్నాయి. ఒకటి పారశీకంలో. కట్టించిందీ కొలిచిందీ ఎక్కువగా ఉత్తర, పశ్చిమ భారతం నుంచి వెళ్ళిన వర్తకులూ సాధువులూ. 18 మి.మీ. వెడల్పులో ఆ అయిదు వైపుల గోడ, మండపం, త్రిశూలం చక్కగా పడతాయి.

1926లో ఉన్నవీ తర్వాత పోయినవీ కూడా మర్చిపోవద్దు. బిబి-హేబత్ మసీదు, నగరంలోని అలెగ్జాండర్ నెవ్‌స్కీ కెథడ్రల్ రెండూ 1930లలో కూల్చేశారు. మీ పటంలో రెండూ నిలబడి ఉండాలి. బాకూ నగరంలోనే ఉన్న సబుంచి రైల్వే స్టేషను అప్పుడే కొత్తగా కట్టినది, తూర్పు దేశాల తరహా తోరణాలతో. నగరంలో కరెంటు ట్రాము 1924 నుంచీ ఉంది. లోక్‌బతాన్‌ని బురద అగ్నిపర్వతంగా చూపించండి కానీ దాని మీద డెరిక్కు వద్దు, అక్కడ నూనె 1930లలో పడింది. సుంగాయిట్‌లో ఒక చిన్న స్టేషను తప్ప ఫ్యాక్టరీలు లేవు.

సిరాబుడ్డి:

కాగితం, అక్షరాల గురించి నేను చెప్తాను.

300 జీఎస్ఎం నీటిరంగు కాగితం, కోల్డ్‌ప్రెస్ కాకుండా నునుపుది (హాట్‌ప్రెస్) తీసుకోండి. గరుకు కాగితం మీద పలకలు కొట్టిన డెరిక్కు గీతలు వణుకుతాయి. సముద్రం పెద్ద తడి వాష్ (పలుచటి రంగు పూత) కాబట్టి కాగితాన్ని ముందే సాగదీయాలి: 5–8 నిమిషాలు చల్లటి నీళ్ళలో నానబెట్టి, ప్లైవుడ్ పలక మీద పరిచి, నాలుగంచులా జిగురు కాగితపు టేపు వేసి, రాత్రంతా పడుకోబెట్టి ఆరబెట్టండి. పలకని నిలబెట్టి ఆరబెడితే నీరు కిందంచుకి చేరి టేపు ఊడుతుంది. ఎండలో పెడితే ఒక పక్క ముందు ఆరి కాగితం చిరుగుతుంది.

డ్రాఫ్టు అంతా ట్రేసింగు కాగితం మీదే తేల్చుకోండి. అసలు కాగితం మీద పదేపదే రబ్బరు రుద్దితే పై పూత పోయి, తర్వాత ఇంకు ఆ చోట పీచుల్లోకి పాకుతుంది. గ్రంథాలయాల్లో ప్రదర్శించిన చేతిపటాల్లో డెరిక్కుల దగ్గర మచ్చలు కనబడితే చాలావరకు కారణం ఇదే.

వరస ఇది: పేర్లకి పెన్సిలు, తర్వాత బొమ్మలకి పెన్సిలు, తర్వాత సముద్రం వాష్, నేల వాష్, బాగా ఆరాక ఇంకు, చివర చిన్న చిన్న రంగులు. పేర్లు బొమ్మలకన్నా ముందు. తెలుగుకి ఇది మరీ ముఖ్యం. రష్యన్ అక్షరాలకి 3 మి.మీ. ఎత్తంటే 3 మి.మీ.యే. మనకి పైన గుడి, కింద ఒత్తు కలిపి అదే అక్షరానికి 5.5–6 మి.మీ. కావాలి. "బాకూ"కి ఫర్వాలేదు. "స్క్వా", "త్స్కీ" లాంటివి వచ్చాయంటే ఒత్తు కింద మరో ఒత్తు పడి డెరిక్కు కొనలకి గుచ్చుకుంటుంది. బొమ్మలు గీశాక చోటు వెతుక్కుంటే ఎక్కడా దొరకదు. తీరం వంపు వెంట పేరు రాసేటప్పుడు వంపు మరీ ఎక్కువ పెట్టకండి. తలకట్లు విడిపోయి ఒత్తులు ఒకదానిలో ఒకటి దూరతాయి. విల్లులా పైకి వంగితే ఒత్తులు ఒంపు లోపలివైపు పడి మరీ ఇరుకు. నవ్వుముఖం వంపే మేలు.

సముద్రం రంగు ఒకేసారి కలపండి, కనీసం 40 మి.లీ. సగంలో అయిపోయి మళ్ళీ కలిపితే అదే రంగు రాదు, ఆరిన అంచు గీత అలాగే ఉండిపోతుంది. పలక కింద రెండు పుస్తకాలు పెట్టి వాలుగా ఉంచి, పైనుంచి కిందకి లాగండి. దీవుల్ని మాస్కింగు ద్రవంతో ముందే మూసుకోండి. దాన్ని రెండు రోజుల కన్నా ఎక్కువ ఉంచితే కాగితాన్ని పట్టుకుని పీకినప్పుడు చింపుతుంది.

ముడిచమురుకి నలుపు వాడకండి. సెపియాలో కొద్దిగా ఇండిగో కలపండి. అసలు నలుపు గీతలకీ అక్షరాలకీ మిగల్చండి, లేకపోతే నూనె గుంటలు రంధ్రాల్లా కనిపిస్తాయి. అబ్షెరాన్ నేల పచ్చన కాదు, బూడిద కలిసిన గోధుమ రంగు. పాక్షిక ఎడారి. డెరిక్కుల కొయ్యంతా వోల్గా మీదుగా ఉత్తరాది అడవుల నుంచి వచ్చేది. చుట్టూ పైన్ చెట్లు గీసిన పటం ఒకటి తిరుగుతోంది, దాన్ని చూసి మోసపోవద్దు.

డెరిక్కుల ఇంకు పని దక్షిణం వరస నుంచి మొదలుపెట్టి ఉత్తరానికి వెళ్ళాలి. ముందున్నది పూర్తిగా గీసి, వెనకది దాని అంచు దగ్గర ఆపేయాలి. వెనక నుంచి మొదలెడితే ముందు డెరిక్కులో నుంచి వెనకదాని గీతలు కనబడతాయి, ఇంకు చెరిపేది కాదు. ఎత్తు అన్నిటికీ ఒకటే. దూరానికి తగ్గించారంటే అది దృశ్యచిత్రం అవుతుంది, పటం కాదు.

అంకెలబొమ్మ:

మూలన లెక్కల బొమ్మలు పెడతానన్నారు కదా. అందులో ఒక ఉచ్చు ఉంది. ఉత్పత్తి రెట్టింపైందని చూపడానికి పీపా బొమ్మని రెట్టింపు ఎత్తు గీస్తే, వెడల్పు కూడా పెరిగి వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. చూసేవాడికి నాలుగు రెట్లనిపిస్తుంది. దీనికి విరుగుడుగా వియన్నాలో ఒట్టో న్యూరాత్ బృందం పెట్టిన నియమం: బొమ్మ పరిమాణం మార్చొద్దు, సంఖ్య మార్చు. 1931లో మాస్కోలో వాళ్ళ సాయంతోనే "ఇజోస్టాట్" సంస్థ మొదలైంది. సోవియట్ పటాల అంచుల్లో బారులు తీరిన బుల్లి బొమ్మలకి చాలావరకు అదే బడి.

1 పీపా = 10 లక్షల టన్నులు అనుకోండి. 1901లో బాకూ సుమారు 1.1 కోట్ల టన్నులు తీసింది, ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు సగం. పదకొండు పీపాలు. అంతర్యుద్ధం ముగిసి, 1920 ఏప్రిల్ 28న ఎర్రసైన్యం బాకూలోకి వచ్చాక, 1920–21 ప్రాంతంలో అందులో నాలుగో వంతుకి అటూ ఇటూగా పడిపోయింది. మూడో పీపా సగం దగ్గర కోసేయండి. సగం పీపా గీయడం తప్పు కాదు, ఈ పద్ధతిలో మామూలే. 1940లో 2.2 కోట్లు, ఇరవై రెండు పీపాలు. కానీ మీ పటం 1926ది. 1940 వరస పెడితే పటానికి రెండు కాలాలు వస్తాయి. 1901, 1921 రెండు వరసలే పెట్టి, మూడో వరస గీత గీసి ఖాళీగా వదిలేస్తే నాకు నచ్చుతుంది. ఇది రుచి సంగతి, వాదించను.

పీపాకి 6 మి.మీ. × 8 మి.మీ., మధ్య ఖాళీ 2 మి.మీ. పదకొండు పీపాల వరస 86 మి.మీ.లో సరిపోతుంది.

గొట్టపుబావి:

లెక్కల పక్కనే ఇంకో చిన్న పెట్టె పెట్టండి: ఈ నూనె ఎటు పోయింది? అది లేకపోతే బాకూ ఎందుకంత ముఖ్యమో తెలియదు. 9 × 12 సెం.మీ. పెట్టెలో కాస్పియన్, నల్లసముద్రం, వోల్గా చాలు.

రెండు దారులు. ఒకటి ఉత్తరానికి. నూనె ఓడలు వోల్గా ముఖద్వారం దాకా వెళ్ళి, నదిలోకి దూరలేక సముద్రంలోనే "పన్నెండడుగుల రేవు" దగ్గర ఆగేవి. వోల్గా డెల్టా ముందు అంత మేట. అక్కడ నూనెని లోతు తక్కువ బార్జీల్లోకి పంపు చేస్తే అవి ఆస్త్రఖాన్ మీదుగా పైకి పోయేవి. ఒడ్డు కనపడని చోట ఓడలూ బార్జీలూ పక్కపక్కన నిలబడ్డ బొమ్మ ఈ పెట్టెకి ప్రాణం. చలికాలం ఉత్తర కాస్పియన్ గడ్డకట్టి ఈ దారి మూసుకునేది, ఓ మంచు బిళ్ళ వేయండి. రెండో దారి పడమటికి, బతూమ్ రేవుకి: 1883 నుంచి రైలు, 1907కి పూర్తయిన 8 అంగుళాల కిరసనాయిలు గొట్టం. బాకూ–బతూమ్ ముడిచమురు గొట్టం 1930లో గానీ పూర్తికాలేదు, దాన్ని వేయకండి. గ్రోజ్నీ–తుఆప్సే లైను కూడా 1928ది.

పక్కన ఇతర చమురు ప్రాంతాలైన గ్రోజ్నీ, మైకోప్, ఎంబాలకి ఒక్కో డెరిక్కు పెట్టొచ్చు. వోల్గా–ఉరల్ మధ్య, తర్వాత "రెండో బాకూ" అన్న ప్రాంతంలో ఏమీ ఉండకూడదు. అక్కడ మొదటి నూనె 1929లో, అదీ పొటాష్ ఉప్పు కోసం తవ్వుతుంటే బయటపడింది. ఇషింబాయ్ 1932.

రేఖాంశం:

ఆ పెట్టెలో పేర్లు జాగ్రత్త. 1926కి త్సారిత్సిన్ అప్పటికే స్టాలిన్‌గ్రాద్ అయింది (1925), పెత్రోవ్‌స్క్ రేవు మహాచ్‌కలా అయింది (1921). సమారా ఇంకా సమారాయే, నీజ్నీ నోవ్‌గొరోద్ ఇంకా అదే. కుయ్‌బిషెవ్, గోర్కీ పేర్లు 1930లవి. త్బిలిసి అనొద్దు, తిఫ్లిస్. గాంజా సరే, కిరొవాబాద్ 1935లో. సరిహద్దు గీస్తే అజర్‌బైజాన్, జార్జియా, ఆర్మేనియా మూడూ కలిసి ట్రాన్స్‌కకేసియన్ సమాఖ్య కింద ఉండాలి. అది 1922 నుంచి 1936 దాకా. ఇదే పట్టిక తిప్పి వాడితే తేదీ లేని పాత పటం ఎప్పటిదో కూడా తేలిపోతుంది: స్టాలిన్‌గ్రాద్, తిఫ్లిస్, సమారా మూడూ ఒకే పటంలో ఉంటే 1925–35 మధ్యదే. విప్లవానికి ముందువాటికి ఇంకా తేలిక, మాటల చివర "ъ" కనిపిస్తే 1918 లిపి సంస్కరణకి ముందు పద్ధతి.

తెలుగు పేర్ల కింద అలంకారంగా స్థానిక లిపి పెట్టాలనుకుంటే, 1926లో అజర్‌బైజానీ అరబ్బీ లిపిలోనూ కొత్త లాటిన్ లిపిలోనూ రెండింట్లో నడుస్తోంది. లాటిన్ ఒక్కటే తప్పనిసరి అయింది 1929 నుంచి. సిరిలిక్ 1940 ప్రాంతంలో వచ్చింది. సిరిలిక్‌లో రాస్తే దాన్ని రష్యన్ పేరుగా రాయండి, అజర్‌బైజానీ అక్షరాలు కలపకండి.

పటాలపిచ్చి:

బంగారంలాంటి వివరాలు. గడులు మారుస్తూ తీరం మళ్ళీ దింపాను, రామానా దాకా 140 డెరిక్కులు పట్టేలా ఉన్నాయి. ఒక్కటి తేలలేదు: కరెంటు రైలు తీగలు ఈ స్కేల్లో చూపించాలా? గీస్తే గొట్టపు లైనులాగే కనిపిస్తోంది.

సిరాబుడ్డి:

తీగలు వదిలేయండి. రైలు పట్టాలు నలుపులో అడ్డగీతలతో, గొట్టం సెపియాలో జంట గీతతో వేస్తే తేడా తెలుస్తుంది. కరెంటు రైలని చెప్పాల్సింది పెట్టె బొమ్మ: ముందు ఇంజను ఉండకూడదు, పొగ ఉండకూడదు, కప్పు మీద తీగని అందుకునే చట్రం ఒక్కటి. రెండు పెట్టెలు, పొడవు 22 మి.మీ. సబుంచి స్టేషను దాటాక, డెరిక్కుల మొదటి వరసకి ముందు పెట్టండి. దాని వెనక డెరిక్కులకి ఇంకు వేసేముందే రైలుకి వేసేయండి.